ఉప్పెనకి ముందు ఇల్లు

రండర్రా, మంట దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ తాటిమట్ట ఇటు తొయ్యరా పెద్దోడా. మొన్న గాలికి కరెంటు పోయి ఇంటిల్లిపాదీ తడుముకుంటుంటే నువ్వో మాటడిగావు: "మామ్మా, మీ కాలంలో ఇళ్లల్లో ఏమీ లేవుగా, గాలివానొస్తే ఎట్టా బతికేవాళ్లు?" అని. ఏమీ లేకపోవటమేంట్రా! ఫ్యాన్లూ ఫ్రిజ్జులూ లేవు, నిజమే. కానీ ముసురు పట్టి గడప దాటే వీల్లేకపోయినా మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ సంగతి చెప్తాను. అట్టాంటి ఇల్లు కూడా చాలకుండా పోయిన రోజు సంగతీ చెప్తాను. రెండూ వింటేనే మీకు పనికొచ్చిద్ది.

నేను కాపురానికొచ్చేసరికి పెత్తనమంతా మా అత్తగారిదే. మన దివిసీమ ఎట్టాంటిదో మీకు తెలుసు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలిద్ది, ఆ పాయల నడుమ మనం, కింద సముద్రం. ఏరు పొంగినా మనకే, కడలి పొంగినా మనకే. అందుకే ఎండాకాలం వచ్చిందంటే ఆవిడకి ఊపిరాడేది కాదు. ఆవకాయ, మాగాయ జాడీల్లోకెక్కేవి. గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు ఎండి డబ్బాల్లోకి చేరేవి. కొత్త చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి, కుండలో అదిమిపెట్టేది. తొలకరికి ముందే పిడకలు గూడు పేర్పించి పైన తాటాకు కప్పించేది. ఎండుకట్టెలు కొన్ని చూరు కింద, కొన్ని అటక మీద పెట్టించేది. ఒకచోటివి తడిసినా రెండోచోటివి మిగలాలని. తిండిధాన్యం పురిలో ఉండేది. విత్తనాలు మాత్రం విడిగా, అటక మీద కుండల్లో, వేపాకు వేసి. "తిండిగింజలు పోతే అప్పు తెచ్చుకోవచ్చే, విత్తనం పోతే ఏడాదే పోయిద్ది" అనేది.

దసరా వస్తుందనగా మామగారి వంతు. ఆశ్వయుజం, కార్తీకం మన తీరానికి గాలివానల రోజులు కదా. పాక కప్పు మీదుగా మోకులేసి, నాలుగువైపులా గుంజలు దిగ్గొట్టి బిగించేవారు. ఇంటి మీదికి వాలిన కొమ్మలు, ఎండు కొబ్బరిమట్టలు కొట్టించేవారు. మేం లాంతరు గ్లాసులు తుడిచి, వత్తులు సరిచేసి, కిరసనాయిలు నింపి పెట్టుకునేవాళ్లం. అగ్గిపెట్టెలు మూత బిగువున్న డబ్బాలో ఉండేవి, తేమకి మెత్తబడకుండా. ఉట్టి మీద అటుకులు, బెల్లం, పేలపిండి ఎప్పుడూ నిండుగా ఉండాల్సిందే. వాటికి పొయ్యి అక్కర్లేదు. పసివాళ్ల కోసం వాము, సొంఠి, కరక్కాయ ఒక చిన్న సంచిలో.

ఇదంతా తుపాను కోసం చేస్తున్నామని ఎవరూ అనేవాళ్లు కాదు. ఇల్లు నడపటమంటేనే అది. అయితే ఆ సిద్ధమంతా ఆకలి కోసం, వాన కోసం, గాలి కోసం. సముద్రం కోసం కాదు.

1977 నవంబరు 19. శనివారం. కార్తీకమాసం, చేలు కోతకొచ్చి ఉన్నాయి. వారం కిందటే అరవదేశంలో నాగపట్నం దగ్గర ఒక తుపాను తీరం దాటింది. ఇంకోటి వస్తుందన్న కబురు రేడియో ఉన్న ఇళ్ల నుంచి పాకుతూ వచ్చింది. "గాలివాన మనకేం కొత్తా" అన్నారు చాలామంది. వాళ్లని తప్పుపట్టలేం. కప్పు లేచిపోవటం చూశారు, గోడ కూలటం చూశారు. కడలి ఊళ్లోకి రావటం ఆ తరంలో ఎవరూ చూళ్లేదు. 1864లో బందరు ఉప్పెన 30 వేల మందిని పొట్టనపెట్టుకుందని ముసలివాళ్లు చెప్పేవాళ్లు గానీ, నూరేళ్లు దాటిన కబురుని ఎవరు పట్టించుకుంటారు? అందుకేరా నేను మీకు ఇన్నిసార్లు చెప్పేది. చెప్పటం మానేస్తే ఆపద కథయిపోయిద్ది. కథకి ఎవరూ మోకులు బిగించరు.

పొద్దున ఈశాన్యం నుంచి కొట్టిన గాలి పోనుపోను తూర్పుకి, ఆపైన ఆగ్నేయానికి తిరిగింది. అంటే సముద్రం మీది నుంచి తిన్నగా మన మీదికి. మా అత్తగారు వాకిట్లో నిలబడి అది చూసి, "ఇక ఇంట్లో ఉండొద్దు, లేవండి" అంది. ఏడాదంతా కూడబెట్టిన జాడీలకేసి గానీ, పురికేసి గానీ తల తిప్పలేదు. అటుకుల మూట, మంచినీళ్ల బిందె పట్టించింది. భూమి కాగితాలు మైనపుగుడ్డలో చుట్టి మామగారి నడుముకి కట్టింది. పాతచీరలు చింపి పసివాళ్లని పెద్దవాళ్ల వీపులకి కట్టించింది. పశువుల పాకలోకెళ్లి పలుపులన్నీ విప్పేయించింది. గొడ్లు ఎటన్నా పోతాయేమోనని నేను ఏడ్చాను. "కట్టి ఉంచితే గుంజ దగ్గరే చస్తాయే పిల్లా, విప్పితే ఈదుకుంటాయి" అంది. పక్కింట్లో లేవలేని ముసలమ్మ ఉండేది. ఆవిణ్ణి మంచంతో సహా మోయించింది. ఊరి నడుమ మెరకమీద ఒక డాబా ఇల్లుండేది, అందరం దాని పైకెక్కాం.

కాలువ పొంగినట్టు మెల్లగా ఎక్కలేదు ఆ నీళ్లు. ఒక హోరు వినపడింది, ఆ వెంటనే నీళ్లొచ్చి పడ్డాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి... సముద్రపు ఒడ్డు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఉప్పెన 5 మీటర్ల ఎత్తున లేచిందన్నారు. తాడిచెట్లు, తుమ్మచెట్లు పట్టుకుని రాత్రంతా వేలాడి బతికినవాళ్లున్నారు. తీరం మొత్తం మీద లెక్కకొచ్చినవాళ్లే 10 వేల మంది దాకా పోయారు. పశువులు లక్షల్లో పోయాయి. మా పాకా పోయింది, పురీ పోయింది. విప్పిన గొడ్లలో కొన్ని మాత్రం మెరక వెతుక్కుని మిగిలాయి.

తెల్లారాక అసలు కష్టం దాహం. మంచినీళ్ల చెరువులో ఉప్పునీళ్లు చేరాయి, కళేబరాలు తేలుతున్నాయి. మేం మోసుకెళ్లిన బిందె పసివాళ్లకే సరి. కూలిన కొబ్బరిచెట్ల బొండాలు కొట్టుకుని పెద్దవాళ్లం గొంతు తడుపుకున్నాం. బయటి సాయం అందటానికి దారులు లేవు. వచ్చాక మాత్రం దేశమంతా కదిలొచ్చింది. మండలి వెంకట కృష్ణారావుగారు పడ్డ శ్రమని దివిసీమ ఇప్పటికీ తలుచుకుంటది.

ఆ రోజు తేలిందేంటంటే, ఇంట్లో దాచుకోవటం సిద్ధంలో సగమే. ఎప్పుడు వదిలెయ్యాలో, ఎటు పోవాలో, ఎవరు ఎవర్ని పట్టుకోవాలో ముందే తెలిసి ఉండటం మిగతా సగం.

కావాలంటే 1990 చూడండి. మే 9న మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే పెనుతుపాను తీరం దాటింది. గాలి తక్కువేం కాదు. అయితే అప్పటికి తుపాను షెల్టర్లు లేచాయి, కబురు ముందే వచ్చింది, మైకుల్లో చెప్పి, లారీలు పెట్టి లక్షమందికి పైగా తరలించారు. అన్నిటికంటే ముఖ్యం, రమ్మంటే జనం కదిలారు. 77ని చూసినవాళ్లు కదా! పోయినవాళ్లు వెయ్యికి లోపే. ఒక్క ప్రాణమైనా ప్రాణమే గానీ, 10 వేలెక్కడ, వెయ్యెక్కడ?

ఇక మీ కాలానికొద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. అంత పట్నంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, ఏటీఎంలు పనిచెయ్యలేదు, పాలకీ పెట్రోలుకీ బారులు తీరారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. కింది అంతస్తులు నీళ్లలో ఉంటే జనం మేడల మీద కూర్చుని పాలప్యాకెట్టు కోసం, నీళ్ల సీసా కోసం పడవలకేసీ డ్రోన్లకేసీ చూశారు. ఇంట్లో సామాను మా కాలం కంటే పదింతలుంది. కానీ కొళాయి, స్విచ్చి, ఫోను, ఈ మూడూ ఆగితే మూడు రోజులు గడిచే దారి ఎన్నిళ్లల్లో ఉంది? అది మీ తప్పు కాదురా. ఏది కావాలన్నా క్షణంలో వచ్చే రోజుల్లో పెరిగారు. అయినా నేర్చుకోవచ్చు, పెద్ద ఖర్చూ కాదు.

అమ్మడూ, నువ్వు కాగితం తీసుకో. మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున మూడు రోజులకి మంచినీళ్లు, మూతలున్న క్యాన్లలో. అటుకులు, బెల్లం, వేరుశనగపప్పు, బిస్కట్లు. విరేచనాలు పట్టుకుంటే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా సుమా. నా బీపీ మాత్రలు రెండు వారాలకి సరిపడా విడిగా. టార్చిలైటు, బ్యాటరీల రేడియో, ఫోన్లకి పవర్ బ్యాంకు. చిన్న నోట్లు కొంచెం. పాసుపుస్తకాలు, ఆధార్, రేషన్ కార్డు ఒకే ప్లాస్టిక్ సంచిలో, తలుపు దగ్గర మేకుకి. గోడ మీద పెద్ద అంకెల్లో 112, 108, కంట్రోలు రూముకి 1070, 1077.

పెద్దోడా, నీకు వేరే పని. షెల్టరు ఎటుందో, వాన పడితే ఏ దారి మునిగిద్దో, ఏ దారి మిగిలిద్దో నడిచి చూసిరా. మెయిన్ స్విచ్చి ఆపటం, గ్యాసు రెగ్యులేటరు కట్టెయ్యటం ఇంట్లో అందరికీ చూపించు. గాలి ఒక్కసారిగా ఆగితే తుపాను పోయిందనుకుని ఎవరూ బయటికి రాకూడదని చెప్పు. అది తుపాను కన్ను. అది దాటాక గాలి అవతలివైపు నుంచి మళ్లీ కొట్టిద్ది. మన వీధిలో ఒంటరిగా ఉండేవాళ్లు, మంచాన ఉన్నవాళ్లు, నిండు చూలాళ్లు ఎవరో రాసుకుని, ఎవరి బాధ్యత ఏ ఇంటిదో మాట్లాడుకోండి. ఆ ముసలమ్మ బతికింది మా అత్తగారి అటుకుల వల్ల కాదు, మంచం మోసిన నలుగురి వల్ల.

తుపాన్ల రోజులు వెళ్లాయిగా, వచ్చే దసరాకి చూద్దాంలే అంటారేమో. 1990లో వచ్చింది మే నెలలో. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. రేపు పొద్దున క్యాన్లు కడగండి, ఆ సంచి మేకుకి తగిలించండి, షెల్టరు దాకా నడిచిరండి. అవన్నీ అయ్యాకే ఈ ఇంట్లో సంక్రాంతి పిండివంటలు మొదలు.