చూరు నీరు

కొండవీటిని తలచినంతనే మనకు రెడ్డిరాజులు జ్ఞప్తికి వత్తురు. అనవోతారెడ్డి అద్దంకినుండి రాజధానిని ఇచ్చటికి మార్చుటయు, 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి ఈ దుర్గమును గైకొనుటయు చరిత్ర పుస్తకములలో నున్నవి. ఆనాటి ఇండ్ల చూరులను గూర్చి మాత్రము ఎవరును తలపరు. మేము నేడు ఆ చూరును గూర్చియే ముచ్చటింపదలచితిమి.

కొండపై ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులు కలవు. కోటలోనివారు వాననీటిని ఇట్లు భద్రముగా నిలుపుకొనిరి. ఆ నీరే గోడను తాకినచో మాత్రము ఇల్లు నిలువదు. మట్టిగోడల ఇండ్లలో నివసించిన సామాన్యునకు ఇది మరింత బాగుగా తెలియును. తాటాకు కప్పులో వాసములు గోడను దాటి ముందుకు వచ్చును. చూరు పొట్టిదైనచో చినుకులు గోడ మొదటనే పడి, మట్టి చిమ్మి, అడుగు కరగి, కొన్ని వర్షాకాలములకు గోడ ఒరగును. కప్పు ఎంత దిట్టముగా నున్నను అప్పుడు ప్రయోజనము లేదు.

ఈ తెలివి రాతిలోనికిని ఎక్కినది. మన ఆలయములందు స్తంభములపై గుండ్రముగా వంగి ముందుకు వచ్చు రాతిచూరును శిల్పులు కపోతమందురు. ఆ మాటకు పావురమని అర్థము. లేపాక్షిలోను, హంపి విఠలాలయములోను మండపముల చూరుక్రింద నిలిచి తలయెత్తి చూడుడు. కొయ్యవాసముల వంటి బద్దలు రాతిలో చెక్కబడి కనిపించును. రాతికి వాసములతో పనియేమి? పాత యింటి జ్ఞాపకము, అంతియే. గ్రీకుల రాతి ఆలయములందును కొయ్యకప్పు గుర్తులున్నవని రోమక వాస్తువేత్త విట్రూవియసు ఎన్నడో వ్రాసినాడు. అయితే కపోతము వట్టి అలంకారము కాదు. దాని అంచు క్రిందికి వంగియుండుటచే నీరు అచ్చటనే తెగి, గోడకు దూరముగా పడును.

గూనపెంకు వచ్చినను, 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరులో పెంకుల కర్మాగారము నెలకొల్పిన పిమ్మట బిళ్ళపెంకు వచ్చినను, చూరు చూరుగానే నిలిచినది. సిమెంటు వచ్చిన తరువాతనే మనము దానిని మరచితిమి.

మేస్త్రీలు సన్‌షేడు అని పిలుచు పలకను చూడుడు. దాని అడుగు నున్నగా, మట్టముగా నుండును. అంచునకు వచ్చిన నీటిబొట్టు క్రింద పడక, అడుగుభాగమును కరచుకొని వెనుకకు ప్రాకి గోడను చేరును. గోడ చెమ్మగిల్లును, సున్నము పెచ్చులూడును, లోపలి ఇనుపచువ్వ త్రుప్పు పట్టును. గృహస్థుడు ఏటేట గోడకు పూత పూయించును. తప్పు గోడది కానే కాదు!

పలక పోయునప్పుడే సెంట్రింగుపై, అంచునకు అంగుళమున్నర లోపలగా, సన్నని కొయ్యబద్ద నొకటి బిగించినచో అడుగున గాడి ఏర్పడును. బొట్టు ఆ గాడిని దాటలేక అచ్చటనే రాలును. పోసిన పలకకు గాడి కొట్టించుటలో చువ్వ బయటపడు భయమున్నది. దానికంటె అంచు పొడవునా అడుగున సిమెంటుతో చిన్న ముక్కువలె దింపించుట మేలు. పైభాగమున వాలు బయటివైపునకే యుండవలెను. గోడవైపు వాలియున్నచో మొదట దానిని సరిచేయించి, గోడ పూర్తిగా ఆరిన తరువాతనే పూత పూయించవలెను.