సైకిల్ దారి: కోవెంట్రీ నుంచి పెన్న ఒడ్డు దాకా

సైకిల్ చరిత్రలో 1885 గొప్ప సంవత్సరం. ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిల్‌ను అమ్మకానికి తెచ్చింది ఆ ఏడే. ఇంచుమించు ఒకే ఎత్తున్న రెండు చక్రాలు, వెనక చక్రాన్ని తిప్పే చైను: ఈనాడు మనం తొక్కే సైకిల్ రూపం అప్పుడే స్థిరపడింది. అదే ఏడు హాలెండులోని ఉట్రెక్ట్ నగరంలో, మాలీబాన్ వీధి వెంట, సైకిళ్ళ కోసం విడిగా దారి వేశారు. బండీ, బండికి కావలసిన దారీ కవలపిల్లల్లా ఒకే ఏడాది పుట్టాయి. మన దేశానికి మాత్రం బండి ఒక్కటే వచ్చింది.

1888లో డన్‌లప్ గాలి టైరు కనిపెట్టాక సైకిల్ ప్రయాణం సుఖమైంది. దాంతో గతుకుల రోడ్ల మీద సైకిలువాళ్ళకు ఓపిక నశించింది. అమెరికాలో 1880లోనే ఏర్పడిన సైకిలువాళ్ళ సంఘం మంచి రోడ్ల కోసం పెద్ద ఉద్యమమే నడిపింది. 1894లో న్యూయార్కు పక్కనున్న బ్రూక్లిన్‌లో, ఓషన్ పార్క్‌వే వెంట, సైకిల్ దారి తెరుచుకుంది. కార్లు ఆ తర్వాత వచ్చాయి. సైకిలువాళ్ళు పోరాడి నునుపు చేయించిన రోడ్ల మీదే తిరిగి, చివరికి వాళ్ళనే అంచుకు నెట్టాయి.

మనకు మొదట్లో సైకిళ్ళు ఇంగ్లండు నుంచి దిగుమతి అయ్యేవి. దొరలకూ, పెద్ద ఉద్యోగులకూ తప్ప అందేవి కావు. స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి మారింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ మొదలై, అంబత్తూరు నుంచి హెర్క్యులిస్ సైకిళ్ళు రావడం ఆరంభమైంది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. పోస్టుమ్యాన్, పల్లె బడి అయ్యవారు, పాలవాళ్ళు, బట్టల మూటలు కట్టుకుని ఊరూరా తిరిగే వ్యాపారులు అందరూ సైకిల్ ఎక్కారు. కొనుక్కోలేని వాళ్ళకు గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిల్ షాపులు ఉండేవి.

అప్పట్లో మునిసిపాలిటీలు సైకిల్‌ను ఎలా చూశాయన్నది గమనించాలి. సైకిల్ మీద పన్ను వేశాయి. పన్ను కట్టినట్టు రేకు బిళ్ళ ఇచ్చాయి. బిళ్ళ లేకపోతే జరిమానా. రాత్రిపూట లైటు లేకపోతే, వెనక మనిషిని ఎక్కించుకుంటే పోలీసులు పట్టుకునేవాళ్ళు. సైకిలువాడు పాటించాల్సిన నియమాలన్నీ రాశారు గానీ, వాడికి రోడ్డులో ఎంత చోటు ఇవ్వాలో రాయలేదు. పన్ను కట్టించుకున్న వాళ్ళకు దారి ఇవ్వడం బాధ్యత అనిపించలేదు.

ఆ లెక్క కాగితం మీదికి ఎక్కింది 1962లో. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ దారుల మీద ప్రత్యేకంగా ఒక ప్రమాణం వెలువరించింది. దాని సారాంశం ఇది: రద్దీ వేళ గంటకు 100 నుంచి 200 మోటారు వాహనాలు తిరిగే రోడ్డు మీద 400 సైకిళ్ళు పోతుంటే వాటికి విడిగా దారి వేయవచ్చు. మోటార్లు 200 దాటితే, గంటకు 100 సైకిళ్ళు ఉన్నా చాలు. దారి వెడల్పు కనీసం 2 మీటర్లు ఉండాలి. 1989 నాటి రోడ్డు నియమాల్లో, సైకిల్ దారిలోకి మోటారు వాహనం నడపకూడదన్న నిబంధన కూడా చేరింది. కావలసిన నియమాలు ఉన్నాయి. కొత్తగా కట్టిన చండీగఢ్ వంటి ఒకటి రెండు నగరాల్లో తప్ప, వాటిని నేల మీదికి దించే ప్రయత్నం పెద్దగా జరగలేదు.

హాలెండు కూడా ఒకప్పుడు ఇదే తప్పు చేసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కార్ల మోజులో సైకిల్‌ను పక్కకు నెట్టింది. ఒక్క 1971లోనే రోడ్డు ప్రమాదాల్లో మూడు వేలకు పైగా మనుషులు చనిపోయారు, వాళ్ళలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న పాత్రికేయుడు విక్ లాంగెన్‌హాఫ్ ‘పిల్లల హత్యలు ఆపండి’ అని రాశాడు. ఆ మాటే ఉద్యమానికి పేరైంది. తల్లిదండ్రులు పిల్లలతో సహా రోడ్డెక్కారు. 1973 చమురు సంక్షోభం కూడా తోడై ప్రభుత్వం దిగొచ్చింది. ఈనాడు హాలెండులో మనం మెచ్చుకునే సైకిల్ దారులు ఆ తల్లిదండ్రులు పట్టుబట్టి సాధించుకున్నవి.

మన దేశంలో 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, ప్రణాళిక వేయాల్సింది వాహనాల కోసం కాదు, మనుషుల కోసం అని స్పష్టంగా చెప్పింది. 2014లో చెన్నై నగరపాలక సంస్థ నడిచేవాళ్ళకూ సైకిలువాళ్ళకూ పెద్దపీట వేస్తూ సొంత విధానం తెచ్చింది. 2020లో కేంద్రం నగరాల మధ్య సైకిల్ పోటీ పెడితే, మొదటి 11 నగరాల్లో మన వరంగల్ నిలిచింది. 2023లో హైదరాబాదు బయటి వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. పైన సౌర ఫలకాల కప్పు, కింద నాలుగున్నర మీటర్ల వెడల్పు. ఎండల దేశానికి నీడ ఇచ్చే ఆ ఆలోచన మెచ్చదగ్గదే. అయితే పొద్దున వ్యాయామానికి వచ్చేవాళ్ళకు పనికొచ్చినంతగా, కూలిపనికో బడికో పోయేవాళ్ళకు అది పనికిరాదు. వాళ్ళు తిరిగే వీధులు వేరు.

సైకిల్ దారి అసలు కావలసింది కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి ఊళ్ళకు. ఈ ఊళ్ళలో ఏ పనికి పోవాలన్నా దూరాలు సైకిల్‌కు సరిపోయేవే. కడపకు ఇంచుమించు పది కిలోమీటర్ల దూరంలో, పెన్న ఒడ్డున ఉన్న చెన్నూరు నుంచి జిల్లా కేంద్రానికి సైకిల్ మీద పోయి రావడం ఒకనాడు మామూలు విషయం. ఇప్పుడు కడప–కర్నూలు జాతీయ రహదారి మీద లారీల పక్కన పిల్లను సైకిల్ మీద పంపడానికి ఏ తండ్రికి గుండె ఒప్పుతుంది? ‘బడికొస్తా’ పేరుతో రాష్ట్ర ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చింది. మంచి పని చేసింది. ఆ పిల్లలు బడికి భయం లేకుండా పోయే దారి కూడా ఇస్తేనే ఆ పని పూర్తవుతుంది. 2011 జనగణన నాటికి దేశంలో వందకు 45 ఇళ్ళలో సైకిల్ ఉంది, స్కూటరో మోటారు సైకిలో ఉన్న ఇళ్ళు 21 మాత్రమే. అప్పటికి సైకిళ్ళు ఉన్న ఇళ్ళే ఎక్కువైనా, వేసిన రోడ్ల కొలతల్లో వాటి ఊసే లేదు.

దీనికి కోట్ల ఖర్చు అక్కర్లేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రెండు పక్కలా రెండేసి మీటర్లు సైకిల్‌కు విడిచి, మోటారు వాహనాలు ఎక్కకుండా అంచు కట్టాలి. ఆ చోటును పార్కింగుకు గానీ తోపుడుబండ్లకు గానీ వదలకూడదు. కడప ఎండలకు తగ్గట్టు వేప, కానుగ చెట్లు నాటాలి. మొదట బడుల చుట్టూ, తర్వాత బస్టాండు, మార్కెట్ దారుల్లో మొదలుపెట్టాలి. మునిసిపల్ బడ్జెట్‌లో ఈ పనికి విడిగా ఒక పద్దు ఉండాలి.

అన్నిటికంటే ముందు లెక్క తీయాలి. 1962 నాటి ప్రమాణం అడిగింది కూడా లెక్కే. బడి వదిలే వేళ ఒక గంట కూడలిలో నిలబడి ఎన్ని సైకిళ్ళు, ఎన్ని మోటార్లు పోతున్నాయో రాసుకుంటే చాలు, ఆ పని హైస్కూలు పిల్లలే చేయగలరు. మోటార్లు 200 దాటి, సైకిళ్ళు వంద తేలిన ప్రతి వీధికీ దారి అడిగే ఆధారం దొరుకుతుంది. ఆ అంకెలతో కౌన్సిల్ సమావేశానికి వెళ్ళి, మా పిల్లలకు రావలసిన రెండు మీటర్లు ఎక్కడ అని అడుగుదాం.