స్పేస్‌సూట్‌లో అన్నిటికంటే కష్టమైన పార్ట్ ఏది?

ముందుగా ఓ చిన్న పని. పొడుగు బెలూన్ ఒకటి గట్టిగా ఊది, మధ్యలో వంచండి. వదలగానే మళ్లీ నిటారుగా అయిపోతుంది కదా? స్పేస్‌సూట్ గ్లౌజులో ప్రతి వేలూ అలాంటి బెలూనే. బయట శూన్యం, లోపల గాలి. వేలు వంచిన ప్రతిసారీ ఆ గాలితో కుస్తీ పట్టాలి.

1960ల మొదట్లో అమెరికా మెర్క్యురీ సూట్లు తయారుచేసింది గుడ్‌రిచ్ అనే టైర్ల కంపెనీ. వేళ్లు వంచడం కష్టమా? అయితే ముందే వంచి తయారుచేద్దాం అన్నారు. కంట్రోల్స్ పట్టుకోవడానికి వేళ్లన్నీ వంకరగా, బటన్లు నొక్కడానికి మధ్యవేలు ఒక్కటే నిటారుగా! కోడింగ్ చేసే రోజుల్లో మేం దీన్నే వర్క్‌అరౌండ్ అనేవాళ్లం.

కానీ నౌక బయటికి వెళ్తే అది సరిపోదు. 1965 మార్చి 18న రష్యన్ అలెక్సీ లియోనోవ్ చరిత్రలో మొదటి స్పేస్‌వాక్ చేశాడు. సుమారు 12 నిమిషాలు. ఆలోగా సూట్ ఉబ్బిపోయింది, వేళ్లు గ్లౌజు చివర్ల నుంచి జారిపోయాయి. తాడు సరిగ్గా పట్టుకోలేడు, లోపలికి దూరలేడు. చివరికి వాల్వ్ తిప్పి సూట్‌లో గాలి కొంత వదిలేశాడు. ఎక్కువ వదిలితే ప్రాణానికే ప్రమాదం. అయినా వేరే దారి లేదు. అలాగే బతికి బయటపడ్డాడు.

అపోలో సూట్లు కుట్టింది ప్లేటెక్స్ బ్రాలు తయారుచేసే కంపెనీ వాళ్లు, ఐఎల్‌సీ. జోక్ కాదు! ఒక్కో ఆస్ట్రోనాట్ చేతి అచ్చు తీసి, దాని కొలతకే రబ్బరు గ్లౌజు పోశారు. అరచేయి ఉబ్బకుండా బిగింపు పెట్టారు. పైన లోహపు దారాలతో నేసిన బట్ట, స్పర్శ తెలియడానికి వేలికొసలకి సిలికాన్ రబ్బరు. లోపలి ప్రెజర్ కూడా మన నేల మీది గాలిలో పావు వంతే ఉంచారు.

అయినా గాలి ఓడిపోలేదు. 1972 డిసెంబర్‌లో అపోలో 17 వాళ్లు చంద్రుడి మీద మూడు విడతల్లో 22 గంటలు పనిచేశారు. సుత్తి పట్టుకున్నా, సంచి పట్టుకున్నా పిడికిలి బిగించే ఉంచాలి. ముంజేతులు పట్టేసేవి.

2007లో నాసా మంచి గ్లౌజు కోసం పోటీ పెడితే గెలిచిందెవరో తెలుసా? ఉద్యోగం లేని ఇంజనీర్ పీటర్ హోమర్. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద కుట్టి 2 లక్షల డాలర్లు గెలిచాడు!

రాకెట్ మనల్ని చంద్రుడి దాకా తీసుకెళ్తుంది. అక్కడ రాయి ఎత్తాల్సింది మాత్రం చెయ్యే.