బస్తా ఒక్కటే, రేటు ఊరికొకటి: టెక్కలి నుంచి ఉద్దానం దాకా ఇల్లు కట్టే లెక్క

టెక్కలిలో అడిగితే ఒక రేటు, పలాసలో ఇంకో రేటు, వజ్రపుకొత్తూరు దాటి సముద్రం ఒడ్డు ఊళ్లకి పోతే మూడో రేటు. షాపోడు దోచీసినాడని తిట్టుకుంటాం గానీ, సగం గొడవ దారిలోనే ఉంది. ఆ లెక్క ఏటో తెలిస్తే ఇల్లు మొదలెట్టే తమ్ముళ్లకి కొంచెం అప్పైనా తగ్గుతాదని ఇది రాస్తున్నాను.

ముందు ఇసక సంగతి. ఇసకంత రాజకీయం ఇంకే సరుకులోనూ నేదు. 2019 సెప్టెంబరులో టన్ను 375 రూపాయలని పెట్టినారు. 2021లో ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పి 475 చేసినారు. 2024 జులై 8 నుంచి ఉచితం అన్నారు, ఆ అక్టోబరులో సీనరేజీ కూడా తీసీసినారు. మరి ఉచితమైతే ట్రాక్టరు లోడుకి అన్నేసి వేలు ఎలగ అవుతాయి? ఉచితం ఇసకకే గానీ, ఎత్తినోడి కూలికీ, బండి కిరాయికీ కాదు. మనకి పెద్ద ఇసక వంశధారది. నరసన్నపేట వైపోళ్లకి అది పెరట్లో ఉన్నట్టే. టెక్కలికి కొంచెం దూరం, పలాసకి ఇంకా దూరం, అక్కడి నుంచి హైవే దిగి ఉద్దానం తోటల్లోకి పోయేసరికి ఇసక కంటే డీజిలే ఎక్కువ మోసినట్టు. మహేంద్రతనయ, బాహుదా ఉన్నాయి గానీ అవి చిన్న ఏర్లు. అందుకే ఏ పార్టీ ఏ పాలసీ తెచ్చినా మన తీరం ఊళ్లకి తేడా అంతగా కనబడదు.

కొంతమంది ఎదురుగా సముద్రం ఉంది గదా అని ఆ ఇసకే కలిపీస్తారు. వద్దు. అందులో ఉప్పు ఉంటాది, అది లోపల ఊచని తినీస్తాది. ప్లాస్టరింగుకైనా వద్దనే నా మాట.

సిమెంటుకి సున్నపురాయి కావాల. అది పల్నాడు, కడప వైపు ఉంది, మన జిల్లా దానికి ఆ చివర. దూరం రేటులో కలిసీ వస్తాది. పన్ను మాత్రం తగ్గింది: 2017 జులైలో జీఎస్టీ పెట్టినప్పటి నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 18. పన్ను లేకుండా బస్తా 250 అనుకుందాం. అప్పుడు 320 పడేది ఇప్పుడు 295 పడాల. బస్తాకి 25, అంటే 150 బస్తాలు పట్టే ఇంటికి 3,750. చిన్న డబ్బు కాదు. గానీ కంపెనీలు అసలు రేటు పెంచీసుకుంటే ఆ పాతిక మన దాకా రాదు. ఈ అనుమానం ఊరికే కాదు. 2012 జూన్‌లో కాంపిటీషన్ కమిషన్ సిమెంటు కంపెనీలు కుమ్మక్కయ్యాయని 6 వేల కోట్లకి పైగా జరిమానా వేసింది, అవి కోర్టులకెక్కాయి. అందుకే బిల్లు అడగండి. బిల్లులో 18 శాతం అని రాసుంటాది, దాని పైన ఉన్న అసలు రేటు పోయిన నెలదో కాదో చూసుకోండి.

ఇటుక మన బట్టీలదే. వానలు పడితే బట్టీ ఆగుతాది, రేటు లేస్తాది. ఎండాకాలంలోనే కొని పేర్చుకోండి, అంతే.

ఇంత ఖర్చయినా అందరూ శ్లాబే ఎందుకంటున్నారంటే తిత్లీ. 2018 అక్టోబరు 11న అది వజ్రపుకొత్తూరు తీరంలో దాటింది. కొబ్బరి, జీడితోటలు నేల కరిచాయి, రేకులు ఎక్కడికి ఎగిరిపోయాయో ఎవలికీ తెలీదు. ఆ రాత్రి చూసినోడు మళ్లీ రేకుల కింద ధైర్యంగా పడుకోడు. తోట పోయినోడికే గట్టి ఇల్లు కావాల్సొచ్చింది, అదీ కష్టం. జీడిపిక్క 80 కిలోల బస్తాకి 16 వేలు ఇయ్యాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. పిక్క రేటు చేతిలో ఉండదు, ఊచ రేటూ చేతిలో ఉండదు.

సర్కారు సాయం చూడండి. కేంద్రం గ్రామీణ ఆవాస్ యోజనలో మైదానం ఊళ్లకి 2016 నుంచీ ఇంటికి 1.20 లక్షలే. రాష్ట్రంలో 1.80 లక్షల లెక్కన మొదలైన ఇళ్లు చాలా మొండిగోడల మీదే ఆగాయి. 2025 మార్చిలో అలాటోళ్లకి అదనంగా ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు ప్రకటించినారు. మంచిదే. గానీ టెక్కలికీ, తీరం ఊరికీ సాయం ఒకటే. కిరాయి మాత్రం ఒకటి కాదు. దూరాన్ని బట్టి రవాణా ఖర్చు కలిపితే గానీ ఇది న్యాయం అనిపించుకోదు.

ఇంకో విచిత్రం. హైదరాబాదులో, చెన్నైలో, గల్ఫులో బిల్డింగులు కట్టేది మన ఉద్దానం కుర్రోళ్లే. వాళ్ల ఊళ్లో మాత్రం మేస్త్రి దొరకడు, దొరికితే కూలి ఎక్కువ.

ఊచ కొనేటప్పుడు ముక్కల లెక్కన కాదు, కాటా మీద కొనండి. ఎంఎం సైజుని అదే సైజుతో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తాది. 12 ఎంఎం ఊచ 12 మీటర్లది 10.67 కిలోలు, 8 ఎంఎం అయితే 4.74. కొంచెం తేడాని బీఐఎస్ కూడా ఒప్పుకుంటాది, గానీ 12 ఎంఎం ఊచకి కిలో తగ్గితే గట్టిగా అడగాల.

సముద్రం గాలి తగిలే కాంక్రీటులో ఊచ మీద 45 ఎంఎం కవరు ఉండాలని ఐఎస్ 456 చెప్తాది. మేస్త్రి 20 చాలంటాడు. కవరు బిళ్లలు మీరే పోత పోయించి, శ్లాబు రోజు పొద్దున్నే దగ్గరుండి పెట్టించండి.