స్కేల్ మోడల్ కార్లు, అమెరికా పాతకాలపు వాహనాభిమానం

అసలు వాహనం కొలతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి, విడిభాగాలను చేతితో కూర్చి, రంగులు వేసి తయారుచేసే చిన్న కారును స్కేల్ మోడల్ కారు అంటారు. పిల్లలు దొర్లించి ఆడుకునే బొమ్మ కారులో చక్రాలు కాస్త పెద్దవైనా, కిటికీలు కాస్త చిన్నవైనా పట్టించుకునేవారుండరు గానీ, మోడల్ కారులో పైకప్పు వంపు అర మిల్లీమీటరు తేడా వచ్చినా చూసేవారి కన్ను అక్కడే ఆగుతుంది. ఇందులో విమానాలకు, ఓడలకు, రైళ్లకు వేర్వేరు సంప్రదాయాలు ఉన్నాయి. కార్ల విషయంలో మాత్రం అన్నిటికంటే బలమైన సంప్రదాయం అమెరికాలో, అందులోనూ మోటారు పరిశ్రమకు పుట్టిల్లయిన డెట్రాయిట్ చుట్టుపక్కల ఏర్పడింది. అక్కడి మోడల్ కారు పుట్టింది పిల్లల వినోదం కోసం కాదు, కార్ల అమ్మకం కోసం. దాని చరిత్రలోని మలుపుల్లో చాలావాటికి మూలం ఈ పుట్టుకలోనే కనిపిస్తుంది.

విడిభాగాలుగా అమ్మే అమెరికా కిట్లలో ఎక్కువగా వాడే నిష్పత్తులు రెండు. 1/24 అంటే అసలు కారులోని ఒక అడుగు మోడల్‌లో అర అంగుళం అవుతుంది, కనుక అడుగులు, అంగుళాల్లో లెక్కలు వేసుకునేవారికి అది సహజమైన కొలత. 1/25 కార్ల కంపెనీల ప్రచార నమూనాల ద్వారా స్థిరపడింది. 1957 నాటి షెవర్లే బెల్ ఎయిర్ పొడవు 200 అంగుళాలు, అంటే 508 సెంటీమీటర్లు. 1/25 లెక్కన అది 20 సెంటీమీటర్ల పైచిలుకు, మామూలు స్కేలు బద్ద కంటే పొట్టి. పొడవు 25 వంతులు తగ్గితే ఘనపరిమాణం 15,625 వంతులు తగ్గుతుంది. రంగు పూత మందానికి మాత్రం ఈ తగ్గింపు వర్తించదు: మోడల్ మీద పదో వంతు మిల్లీమీటరు మందాన రంగు పడితే, అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల మందాన పూసినట్టు లెక్క. తలుపు సందులు, అక్షరాల అంచులు పూడిపోయి మోడల్ బొద్దుగా కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

పుట్టుక

ప్లాస్టిక్ కిట్లకు ముందే అమెరికా కుర్రకారుకు ఈ పనిలో శిక్షణ ఇచ్చిన పోటీ ఒకటుంది. జనరల్ మోటార్స్‌లో భాగమైన ఫిషర్ బాడీ సంస్థ 1930లో క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ పేరుతో దీన్ని మొదలుపెట్టి 1968 వరకు నడిపింది. మొదట్లో సంస్థ చిహ్నమైన నెపోలియన్ కాలపు గుర్రపు బగ్గీకి నమూనా చేయాల్సి వచ్చేది. 1937 నుంచి సొంత ఊహతో గీసుకున్న కారును చెక్కే అవకాశం కూడా కల్పించారు. విజేతలకు విశ్వవిద్యాలయ చదువుకు ఉపకారవేతనాలు దక్కేవి. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ ఆ తరువాత జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు. అంటే సంస్థ బహుమతుల మీద పెట్టిన ఖర్చు ఉద్యోగుల ఎంపికకు పెట్టుబడిగా కూడా పనికొచ్చింది.

రెండో మూలం ప్రచార నమూనా. కొత్త మోడల్ వచ్చినప్పుడు డీలరు కొట్టులో బల్ల మీద పెట్టి రంగులు చూపడానికీ, కొనడానికి వచ్చిన తండ్రి వెంట ఉన్న పిల్లవాడి చేతిలో పెట్టడానికీ కంపెనీలు చిన్న కార్లను చేయించేవి. 1948లో వెస్ట్ గాలొగ్లీ మిషిగన్ రాష్ట్రంలో స్థాపించిన ఏఎంటీ సంస్థ మొదట ఫోర్డ్ సెడాన్‌ను అల్యూమినియంలో పోతపోసి, ఫోర్డ్ వాడే రంగులే దానికి వేసి అందించింది. అల్యూమినియం మోడల్ టాయ్స్ అన్న ఆ పేరులో లోహం మిగిలిపోయినా, సంస్థ త్వరలోనే ప్లాస్టిక్‌కు మారింది. ఆనాటి సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్‌కు కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోయి వంకర తిరిగే గుణం ఉంది. అందుకే 1950ల నాటి ప్రచార నమూనా నేడు తిన్నగా దొరికితే సేకర్తలు దానికి వేరే ధర కడతారు. తరువాత వచ్చిన పాలీస్టైరీన్ ఈ బెడదను వదిలించింది.

ఏటేటా మారిన అచ్చులు

1958లో ఏఎంటీ ప్రచార నమూనాల అచ్చుల నుంచే వచ్చే భాగాలను కూర్చకుండా, పెట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. త్రీ-ఇన్-వన్ అని పేరుపడిన ఈ కిట్‌తో కారును మూడు విధాల్లో ఏదో ఒక విధంగా చేసుకోవచ్చు: కర్మాగారం నుంచి వచ్చినట్టు, సొంత అభిరుచికి మార్చుకున్నట్టు, లేదా పందేలకు సిద్ధం చేసినట్టు. ధర రెండు డాలర్లకు లోపే ఉండడంతో పత్రికలు పంచి సంపాదించుకునే కుర్రవాడికి కూడా అది అందుబాటులోకి వచ్చింది. ఎగువ దిగువలే కాక పక్కల నుంచి కూడా జరిగే అచ్చు ముక్కలతో కారు ఒంటిని ఒకే ముక్కగా పోతపోయడం ఈ విజయానికి సాంకేతిక కారణం. అంతకుముందు కిట్లలో పక్కలు, పైకప్పు విడివిడిగా ఉండి, అతికిన చోటల్లా గీత కనిపించేది.

డెట్రాయిట్ కంపెనీలు పాత కారు మీద అసంతృప్తి పుట్టించడానికి ఏటా గ్రిల్, దీపాలు, తోకరెక్కలు మార్చేవి. కిట్ల తయారీదారులు కూడా వాటి వెంటే నడవాల్సి వచ్చింది. ఉక్కు అచ్చు ఖరీదైనది కనుక ప్రతి ఏడూ కొత్తది చేయించకుండా, నిరుటి అచ్చునే చెక్కి, పూడ్చి, ఈ ఏటి కారుకు తగ్గట్టు దిద్దేవారు. దానితో నిరుటి కారు మళ్ళీ పోతపోయడానికి వీల్లేకుండా పోయేది. మధ్య సంవత్సరాల కిట్లు కొన్ని నేడు అపురూపం కావడానికి, ఒక్కోసారి అచ్చు ఇన్నాళ్లు భద్రంగా ఉన్నా కారు మాత్రం మాయం కావడానికి ఇదే కారణం. అమ్మకాల వ్యూహంగా మొదలైన వార్షిక మార్పు ఈ విధంగా మోడల్ ప్రపంచంలో అరుదైన వస్తువులను సృష్టించింది.

ఏటా మారని పాత కార్ల కిట్లకు ఈ చిక్కు లేదు. 1959లో ఏఎంటీ తెచ్చిన 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ అలాంటిది. తక్కువ ధరకు వి-8 ఇంజన్‌ను సామాన్యుడికి అందించిన కారుగా 1932 ఫోర్డ్‌కు పేరుంది. 221 ఘనపు అంగుళాల ఆ ఇంజన్ 65 అశ్వశక్తి ఇచ్చేది. కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డులు చౌకగా కొని, మడ్‌గార్డులు ఊడదీసి బరువు తగ్గించి, ఎండిన సరస్సుల మీద వేగం పరీక్షించుకునేవారు. హాట్ రాడ్ అన్న మాట స్థిరపడింది ఇలాంటి బండ్లకే. కస్టమ్ కారు దీనికి భిన్నం: అందులో వేగం కంటే ఆకారం ముఖ్యం. పైకప్పు స్తంభాలను కోసి కప్పును కిందికి దించడం, తలుపు పిడులు తీసేసి రంధ్రాలు పూడ్చడం, స్ప్రింగులు కుదించి ఒంటిని నేలకు దగ్గర చేయడం దీని పనులు. మన షెడ్డుల్లో టింకరింగ్ అనే పనికి ఇది దగ్గరగా ఉంటుంది గానీ, ఇక్కడ దెబ్బ తిన్న కారును సరిచేయడం కాక, బాగున్న కారును కోయడం జరుగుతుంది. ఈ పనిలో పేరు తెచ్చుకున్న జార్జ్ బారిస్ ఏఎంటీకి సలహాదారుగా పనిచేశాడు. 1955 నాటి లింకన్ ఫ్యూచురా ప్రదర్శన కారును మార్చి 1966లో టెలివిజన్ కోసం బ్యాట్‌మొబైల్‌ను తయారుచేసింది కూడా ఆయన కార్ఖానాయే. మరో కస్టమ్ కార్ల రూపశిల్పి ఎడ్ రాత్ ఊహల్లో పుట్టిన విచిత్ర వాహనాలను రెవెల్ సంస్థ కిట్లుగా తెచ్చింది. షికాగోకు చెందిన మోనోగ్రామ్ 1/24 నిష్పత్తికి అంటిపెట్టుకుంది. ఏఎంటీ నుంచి విడిపోయిన జార్జ్ టోటెఫ్ 1963లో ఎంపీసీ అనే మరో కిట్ల సంస్థను స్థాపించాడు.

అభిమానానికి అర్థాలు

క్లాసిక్ అన్న మాట అమెరికాలో అందరికీ ఒకటే కాదు. 1952లో ఏర్పడిన క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా దాన్ని ప్రధానంగా రెండు ప్రపంచ యుద్ధాల మధ్య తయారైన మేలిరకం కార్లకే పరిమితం చేస్తుంది. డ్యూసెన్‌బర్గ్, ప్యాకార్డ్ వంటివి ఆ కోవలోకి వస్తాయి. ఇండోర్ మహారాజు యశ్వంత్‌రావ్ హోల్కర్ 1930ల మధ్యలో తెప్పించుకున్న డ్యూసెన్‌బర్గ్ ఎస్‌జే, ఈ వర్గానికి భారతదేశంతో ఉన్న ప్రసిద్ధ బంధం. జనసామాన్యానికి మాత్రం క్లాసిక్ అంటే 1955–57 షెవర్లేలు, ఆకాశానికి ఎగరబోతున్నట్టు తోకరెక్కలు లేచిన 1959 క్యాడిలాక్, 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో తెరతీసిన ఫోర్డ్ మస్టాంగ్. మోడల్ చేసేవారి పెట్టెల్లో ఎక్కువగా కనిపించేవి ఈ రెండో రకమే. తోకరెక్కలకు బీజం యుద్ధ విమానంలో ఉంది: జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి హార్లీ ఎర్ల్ బృందం పి-38 లైట్‌నింగ్ విమానం తోకను చూసి ప్రేరణ పొంది 1948 క్యాడిలాక్‌కు చిన్న రెక్కలు పెట్టింది, పదకొండేళ్లలో అవి ప్రయోజనమేమీ లేకుండా పెరిగిపోయాయి.

తెలుగువారికి ఈ కార్లు పూర్తిగా పరాయివి కావు. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 వరకు బొంబాయి సివ్రీలో షెవర్లేలను బిగించింది. విశాఖపట్నంలో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచంద్ నెలకొల్పిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, కుర్లాలో క్రైస్లర్ ఒప్పందం మీద డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లు కూర్చింది. 1950, 60ల తెలుగు సినిమాల్లో ధనవంతుల వాకిట్లో ఆగే పడవంత కార్లు ఈ వంశానికి చెందినవే.

తయారీ

కిట్ పెట్టె తెరిస్తే భాగాలు విడివిడిగా ఉండవు. కరిగిన ప్లాస్టిక్ ప్రవహించిన సన్నని కాడలకు అంటుకుని, చింతకొమ్మకు కాయల్లా వేలాడుతూ ఉంటాయి. ఈ కాడల చట్రాన్ని స్ప్రూ అంటారు. భాగాన్ని తుంచకుండా కత్తిరించి, తొడిమ మిగిలిన చోట ఉప్పు కాగితంతో రుద్దాలి. అచ్చు ముక్కలు కలిసిన చోట పడిన సన్నని గీతను ఒంటి మీద నుంచి తొలగించాలి. దీన్ని వదిలేస్తే ఎంత మంచి రంగు వేసినా నిలువునా ఒక మచ్చలా తెలుస్తుంది. గుంటలు పడిన చోట లప్పం నింపి, సబ్బునీళ్లతో జిడ్డు కడిగి, ప్రైమర్ కొడతారు. ప్రైమర్ రంగును పట్టి ఉంచడమే కాదు, ప్లాస్టిక్‌ను కాపాడుతుంది కూడా. ఘాటైన ద్రావకం ఉన్న కార్ల రంగును నేరుగా పాలీస్టైరీన్ మీద కొడితే ఉపరితలం ఎండిన చెరువు అడుగులా పగుళ్లిస్తుంది.

దీనికి వాడే జిగురు నిజానికి జిగురు కాదు. రెండు అంచులనూ కరిగించి ఒకటిగా చేసే ద్రావకం. దాని ఆవిరి పీల్చడం 1960లలో అమెరికా కుర్రవాళ్లలో వ్యసనంగా మారి గగ్గోలు రేగినప్పుడు, టెస్టార్స్ సంస్థ ఆ దశాబ్దం చివర తన జిగురులో ఆవనూనె ఘాటు కలిపింది. ఆవకాయ కలిపేటప్పుడు ఎవరి కళ్లు, ముక్కు మండినా ఆ ఉపాయం ఎంత పదునైందో అర్థమవుతుంది.

బెల్ ఎయిర్‌నే తీసుకుంటే, అసలు పరీక్ష రంగు ఎండిన తరువాత మొదలవుతుంది. వెనుక రెక్క పక్కన, మెరుపు పట్టీల నడుమ సన్నని చారల అల్యూమినియం పలక ఉంటుంది. గ్రిల్ జాలీ బంగారు ఛాయలో ఉంటుంది. పెట్రోలు మూత ఎడమ తోకరెక్క మెరుపు పట్టీ వెనుక దాగి ఉంటుంది. ఇవి మామూలు వెండి రంగుతో దిద్దితే పేలవంగా తేలిపోతాయి. అందుకని వెనుక జిగురు పూసిన అతి పలుచని లోహపు రేకును పట్టీ మీద పరిచి, దూదిపుల్లతో ఒరిపిడి పెట్టి, కొత్త బ్లేడు మొనతో అంచు వెంట కోసి మిగతాది లేపేస్తారు. బ్లేడు మొద్దుబారితే రేకు చిరుగుతుంది. చేయి బరువైతే కింద రంగు తెగుతుంది. పట్టీ అవతల ఇండియా ఐవరీ రంగు పైకప్పు ఉంటే తప్పు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. దంతపు తెలుపుకు షెవర్లే పెట్టిన పేరది.

బానెట్ కింద మరో పట్టుదల కనిపిస్తుంది. కిట్‌లో ఇంజన్‌కు తీగలు ఉండవు. శ్రద్ధ ఉన్నవారు డిస్ట్రిబ్యూటర్ మూతకు వెంట్రుకంత సన్నని బరమాతో తొమ్మిది రంధ్రాలు వేసి, ఒకటి కాయిల్‌కు, ఎనిమిది స్పార్క్ ప్లగ్గులకు తీగలు లాగుతారు. షెవర్లే వి-8లో సిలిండర్లు మండే వరుస 1-8-4-3-6-5-7-2; తీగలు ఆ వరుసలోనే వెళ్లాయా అని పోటీల్లో లెక్కపెట్టి చూసేవారున్నారు. ఎన్నటికీ మండని ఇంజన్‌కు మండే వరుస సరిగ్గా ఉండాలనడం బయటివారికి విడ్డూరం; లోపలివారికి అదే ఈ పని రుచి.

తరువాతి కాలం

1970లలో చమురు సంక్షోభం పెద్ద కార్లను వెనక్కి నెట్టగా, కిట్ల వ్యాపారం కూడా మందగించింది. ఏఎంటీని 1978లో బ్రిటన్‌కు చెందిన లెస్నీ సంస్థ కొన్నది. మోనోగ్రామ్, రెవెల్ 1986లో కలిశాయి. చిన్నప్పుడు చేసినవారే నడివయసులో తిరిగి రావడంతో పాత కిట్లు మళ్ళీ విడుదల కావడం మొదలైంది. చెక్కి మార్చిన అచ్చులను తిరిగి పూర్వ రూపానికి తెచ్చే ప్రయత్నాలు కూడా జరిగాయి. అచ్చులు లేని కార్లకు రెజిన్‌తో పోసిన ఒంటి భాగాలు, ఇటీవల త్రీడీ ముద్రణ దారి చూపుతున్నాయి. మైకేల్ పాల్ స్మిత్ అనే కళాకారుడు 1/24 లోహపు కార్లను, తాను కట్టిన చిన్న భవనాలను మడత బల్ల మీద అమర్చి, నిజమైన వీధి చెట్లు వెనుక కనిపించేటట్టు ఫొటోలు తీసి, ఎల్గిన్ పార్క్ అనే లేని ఊరిని సృష్టించాడు. కెమెరా ఎత్తు కారు పక్కన నిలబడిన మనిషి కంటి ఎత్తుకు సరిపోవడం వల్ల బల్ల అంచు, వీధి కలిసిపోతాయి. ఈ కిటుకు తప్ప వేరే మాయ లేదు.

పాత కిట్ల విషయానికొస్తే, డెట్రాయిట్‌కు చెందిన జో-హాన్ సంస్థ కిట్లకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఇతరులు వదిలేసిన రాంబ్లర్, స్టూడీబేకర్ వంటి కార్లు కూడా అది చేసింది. 1963లో క్రైస్లర్ టర్బైన్ ఇంజన్‌తో నడిచే రాగిరంగు కార్లను ప్రజల చేతికి ఇచ్చి పరీక్షించింది. నమూనాలతో కలిపి మొత్తం 55 తయారు కాగా, ప్రయోగం ముగిశాక 46 కార్లను ధ్వంసం చేయించి తొమ్మిదిటిని మాత్రమే మిగిల్చింది. వాటి మీద జో-హాన్ తెచ్చిన కిట్‌లో బానెట్ ఎత్తితే, చాలామంది దగ్గర నుంచి చూడని ఆ టర్బైన్ భాగాలు భాగాలుగా కనిపిస్తుంది.