మంచినీళ్ల చెరువు: ఎవరు బాగుచేశారు, ఎవరు తాగారు?

పోయిన వేసవిలో కృష్ణా డెల్టాలో ఉన్న మా అమ్మమ్మగారి ఊరు వెళ్లాను. ఊరి మధ్య మంచినీళ్ల చెరువు ఉండాలి. నాకు కనిపించింది పచ్చటి చేను. దగ్గరికి వెళ్తే అది గుర్రపుడెక్క! ఒక్క జానెడు నీళ్లు కూడా కనపడకుండా ఆకులు, మధ్యలో ఊదారంగు పూలు. పంచాయతీవాళ్లు అంతకుముందు ఏడాది యంత్రం పెట్టి తీయించారట. తీసింది గట్టు మీదే కుప్పలు పోశారు. తొలకరి వానకి అదంతా మళ్లీ చెరువులోకే జారింది. "దూరంగా పోయండి, పువ్వు రాకముందే తీయండి అని మేం మొత్తుకున్నాం. ఆడోళ్ల మాట ఎవరు వింటారు?" అంది గట్టు మీద గిన్నెలు తోముతున్న ఒకామె.

ఆ మాట నాతో పాటే హైదరాబాదు వచ్చింది. చెరువుల చరిత్రలో ఆడవాళ్లు ఎక్కడున్నారని వెతకడం మొదలుపెట్టాను.

చెరువు కట్టినవాళ్ల పేర్లు మనకు బాగానే దొరుకుతాయి. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోసే వంద బళ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెబుతుంది. కట్టించిన స్త్రీలూ ఉన్నారు. కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలమ 13వ శతాబ్దంలో బయ్యారంలో ధర్మకీర్తి సముద్రం తవ్వించింది. కాకతీయుల వంశవృక్షం గురించి చరిత్రకారులకి ఎంతో చెప్పింది ఆమె వేయించిన ఆ చెరువు శాసనమే. కానీ ఆమె రాచబిడ్డ. ఆ వెయ్యి మంది కూలీల్లో ఆడవాళ్లెందరో శాసనం చెప్పదు.

సాహిత్యం వైపు చూస్తే ముసలమ్మ కనిపిస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన 'ముసలమ్మ మరణం' నా పిహెచ్.డి.లో ఒక అధ్యాయం. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఆ ఇంటి చిన్నకోడల్ని బలి కోరుతుంది దేవత. ఊరికోసం ఆమె వెళ్లి కట్టలో కలిసిపోతుంది. ఆ కావ్యంలోని త్యాగం గురించి, కోడలి విధేయత గురించి పేజీలకు పేజీలు రాశాను. ఒక్క ప్రశ్న మాత్రం అప్పుడు నాకు తట్టలేదు. చెరువు కోసం చచ్చిపోయిన ఆడదాన్ని దేవతని చేసి పూజిస్తాం. చెరువుని బతికిస్తూ వచ్చిన ఆడవాళ్ల పేరు ఒక్కటీ మనకెందుకు తెలియదు?

నీళ్లు మంచిగా ఉంచడం మన ఇళ్లలో ఎప్పుడూ ఆడపనే. బురదనీళ్లు తేర్చడానికి కుండ లోపల ఇండుపగింజ అరగదీయడం, పాతచీర మడత వేసి బిందె మూతికి కట్టి వడకట్టడం అమ్మమ్మల చదువు. ఆ గుడ్డముక్క తక్కువది కాదు. నారికురుపు రోగం మన రాష్ట్రాన్ని కూడా పట్టి పీడించింది. రోగాన్ని మోసే నీటిపురుగు సన్నటి గుడ్డలో ఆగిపోతుంది. 1996 తర్వాత దేశంలో ఒక్క కేసూ రాలేదు, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనదేశం ఆ రోగం నుంచి బయటపడిందని ప్రకటించింది. ఆ విజయంలో బావులు బాగుచేసిన ఇంజనీర్లతో పాటు రోజూ బిందెకి గుడ్డ కట్టిన ఆడవాళ్లూ ఉన్నారు.

మా అమ్మమ్మ కూడా అలాంటి మనిషే. చెరువు మెట్ల దగ్గర ఎవరూ బట్టలు ఉతకకుండా, గేదెల్ని దింపకుండా గట్టు మీద నిలబడి కేకలేసేది. ఆమె గురించి రాద్దామనుకున్నాను. చెరువుకి కాపలా కాసిన స్త్రీ అని శీర్షిక కూడా అనుకున్నాను.

ఆ మాటే మాలపల్లెలో ఒక పెద్దామెతో అన్నాను. ఆమె కాసేపు నాకేసి చూసి, "మీ అమ్మమ్మగారు కాపలా కాసింది నాచు పట్టకుండానా అమ్మా, మేం ముట్టకుండానా?" అంది.

తర్వాత ఆమె చెప్పుకుంటూ పోయింది. ఏటా కాలువ కట్టేశాక, చెరువు అడుగంటినప్పుడు తుంగ పీకడానికి, నాచు తీయడానికి, పూడిక ఎత్తడానికి మాలపల్లె, మాదిగపల్లె నుంచే మనుషుల్ని పిలిచేవాళ్లు. ఆమె, వాళ్లమ్మ మోకాటిలోతు బురదలో దిగి తట్టలు మోశారు. జలగలు పట్టేవి. పని అయిపోయి కాలువ నుంచి కొత్తనీరు పెట్టాక వాళ్లు గట్టు దిగకూడదు. బిందె పెట్టుకుని పైనే నిలబడాలి. ఎవరికైనా దయ కలిగి పైనుంచి పోస్తే నీళ్లు. లేకపోతే ఎండలో ఎదురుచూపు. ఆమె చేతుల్తో బాగుచేసిన చెరువుని ఆమె చెయ్యి తగిలితే మైలపడుతుందన్నారు. ఆ కేకలు వేసిన గొంతుల్లో మా అమ్మమ్మదీ ఒకటి.

నా శీర్షిక అక్కడే ఆగిపోయింది. అమ్మమ్మ మీద ప్రేమ పోలేదు. కానీ శుభ్రం అన్న మాట నోట్లోంచి తేలిగ్గా రావడం లేదు.

నీళ్లు శుభ్రంగా ఉండాలని అడిగే హక్కు కూడా అందరికీ ఒక్కలా లేదని మనకు కారంచేడు చెప్పింది. అప్పటి ప్రకాశం జిల్లాలో, 1985 జూలై 16న, మాదిగపల్లెవాళ్లు తాగేనీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర ఇద్దరు అగ్రకుల యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగి ఆ నీళ్లు పాడుచేస్తుంటే ఒక దళిత యువకుడు వద్దన్నాడు. అతన్ని కొడుతుంటే నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. ఆమె మీదికీ చెయ్యెత్తితే తన బిందె ఎత్తి ఎదుర్కొంది. మర్నాడు తెల్లవారి పల్లె మీద దాడి. ఆరుగురు దళితుల్ని వెంటాడి చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. సుప్రీంకోర్టు తుది తీర్పు రావడానికి 2008 దాకా పట్టింది. దళిత ఉద్యమ చరిత్రలో కారంచేడు మలుపు అని మనందరం చదువుకున్నాం. అది నీటి చరిత్ర కూడా అని, దాని మొదట్లో బిందె పట్టుకున్న ఒక స్త్రీ ఉందని పర్యావరణం గురించి రాసేటప్పుడు ఎందుకు మర్చిపోతాం?

ఇప్పుడు మళ్లీ గుర్రపుడెక్క దగ్గరికి వస్తాను. 19వ శతాబ్దం చివర దక్షిణ అమెరికా నుంచి పూలమొక్కగా మనదేశం వచ్చింది. 1936 నాటికే బెంగాల్లో దాన్ని తొలగించడానికి ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. అనువైన నీటిలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని విత్తనాలు అడుగు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. మందు కొట్టి చంపితే నీళ్లలోనే కుళ్లి, ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు చస్తాయి. దాన్ని అంతగా పెంచేది మురుగులోని నత్రజని, భాస్వరం. అంటే కలుపు రోగం కాదు, రోగలక్షణం.

మా ఊళ్లో ఆ రోగం ఎప్పుడు పుట్టిందో పెద్దామెకు బాగా తెలుసు. పెద్దవీధిలో కుళాయిలు, తర్వాత ఫిల్టరు నీళ్ల డబ్బాలు వచ్చాయి. వాళ్లు చెరువునీళ్లు తాగడం మానేసిన కొన్నాళ్లకే మురుగుకాలువ చెరువు వైపు తిరిగింది. ఇప్పుడు గట్టు దిగితే అడ్డం చెప్పేవాళ్లు లేరు. "నీళ్లు బాగున్నప్పుడు దిగనివ్వలేదు. పాడయ్యాక మీదే అన్నారు" అందామె. గిన్నెలకీ, గేదెలకీ పల్లెవాళ్లకి ఇప్పటికీ ఆ నీళ్లే దిక్కు.

నిర్ణయాలు ఎవరివి? 1997లో వచ్చిన సాగునీటి సంఘాల చట్టం ఓటుహక్కుని ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకే ఇచ్చింది. పట్టా మగవాడి పేరునే ఉండే ఊళ్లో ఆడవాళ్లకి, భూమే లేని దళితులకి సాగుచెరువు మీద మాటే లేకపోయింది. మంచినీళ్ల చెరువు పంచాయతీది. అక్కడ మహిళలకు సీట్లు ఉన్నాయి. అయినా మా ఊళ్లో యంత్రం తెచ్చేముందు పల్లె ఆడవాళ్లని ఎవరూ అడగలేదు.

వాళ్లు చెప్పే పని పెద్దదేం కాదు. మురుగు మళ్లించాలి. పువ్వు రాకముందే, నీళ్లు తగ్గినప్పుడు వేళ్లతో సహా తీయాలి. తీసింది చెరువులోకి వాన తీసుకురాలేనంత దూరం మోసి ఎండబెట్టాలి. మిగిలిన పిలకల్ని నెలనెలా ఏరాలి. ఏరినవాళ్లకి కూలి ఇవ్వాలి. ఇదంతా కాయితం మీద రాసి పంచాయతీకి ఇవ్వడానికి ఆమె నన్ను సాయం అడిగింది. రాశాను. చివర్లో నా పేరు కూడా పెట్టబోతే ఆమె ఆపింది.

"నువ్వు రాశావులేమ్మా. చెరువులో దిగింది మేం. మా పేర్లు చాలు" అంది.

పదకొండు మంది ఆడవాళ్లు సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. కాయితం ఇచ్చి నాలుగు నెలలైంది. జవాబు ఇంకా రాలేదు.