ఆత్రేయపురం కుండ, 1968 నాటి బియ్యం

పూతరేకుల వయసు మీద ఆత్రేయపురంలో ఏకాభిప్రాయం కుదరదు. రెండు మూడు వందల ఏళ్ల నాటివని కొందరంటే, కాదు ఇంకా పాతవని మరికొందరు పట్టుబడతారు. బియ్యం మాటకొస్తే మాత్రం అందరిదీ ఒకటే మాట. జయ బియ్యం కావాలి. వేరే బియ్యం పోస్తే రేకు కుండకు అంటుకుంటుంది, లేదా చేతిలోకి రాకుండానే విరిగిపోతుంది అంటారు, రేకులు తీసే ఆడవాళ్లు.

ఈ జయ పుట్టిన తేదీకి మాత్రం కాగితం ఉంది. 1965లో హైదరాబాద్ కేంద్రంగా అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకం మొదలైంది. తైవాన్ పొట్టి వరి తైచుంగ్ నేటివ్-1ను, ఒడిశా పొడుగు వరి టి-141ను సంకరపరిచి, 1968లో ఆ పథకం విడుదల చేసిన రకమే జయ. ఎకరాకు ఎక్కువ బస్తాలు పండాలన్న ఆరాటంతో తయారైన లావు గింజ అది. మిఠాయి సంగతి ఆ శాస్త్రవేత్తల ఆలోచనలో ఉండి ఉండదు. కాబట్టి మన నాయనమ్మలు చిన్నప్పుడు పెళ్లిళ్లలో తిన్న పూతరేకు జయది కాదు, అప్పట్లో ఆ పొలాల్లో పండిన ఏదో నాటు రకానిది. ‘అనాదిగా ఇలాగే’ అని మనం మురిసిపోయే వంటల్లో చాలావాటి కథ ఇంతే. పేరు పాతది, చెయ్యి పాతది, సరుకు మాత్రం మారుతూ వచ్చింది.

రేకు తీయడం చూస్తే ఆ చెయ్యి పాతదనం అర్థమవుతుంది. దానికి కుమ్మరి ప్రత్యేకంగా చేసిన కుండ కావాలి. పెద్ద పొట్ట, నున్నటి వీపు, పక్కన మంట పెట్టడానికి ఓ నోరు. కొత్త కుండను తెచ్చిన రోజే పనిలో పెట్టరు. నూనె రాస్తూ, వేడి చేస్తూ, వీపు నల్లగా నిగనిగలాడేదాకా అలవాటు చేస్తారు. దాన్ని బోర్లించి, పక్క నోట్లోంచి ఎండిన కొబ్బరాకులు తోస్తుంటారు. కోనసీమలో వంటచెరకుకు కరువున్నా కొబ్బరాకుకు కరువు లేదు. పైగా అది భగ్గున మండి వెంటనే చల్లారుతుంది కాబట్టి, సెగ ఎంత కావాలంటే అంతే పెట్టుకోవచ్చు. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, నీళ్లకన్నా కాస్త చిక్కగా ఉండేలా కలుపుతారు. ఆ పిండినీళ్లలో పలచటి నూలుగుడ్డను ముంచి, రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని, కుండ వీపు మీద పరిచి లాగేస్తారు. గుడ్డ ఆగకూడదు, మడత పడకూడదు. గుడ్డ దాటిన చోట మిగిలిన తడి, కన్ను మూసి తెరిచేలోగా ఆరిపోయి ఉల్లిపొరలా లేస్తుంది. అంచు పట్టి తీసి పక్కన పేరుస్తారు. మళ్లీ గుడ్డ ముంచడం, మళ్లీ లాగడం. సెగ ఎక్కువైతే రేకు ఎర్రబడి పెళుసవుతుంది, తగ్గితే లేవదు. కొలతా గడియారమూ లేని ఈ పనిలో మంట సంగతి ముఖానికి తగిలే వేడిని బట్టే తెలియాలి.

చుట్టడం ఇంకో పని, చాలాసార్లు ఇంకో ఇంటి పని. ఎండు రేకు ముట్టుకుంటే పొడవుతుంది. తడిగుడ్డతో అలా అద్ది మెత్తబరిచి, కాచిన నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి, లోపల మరో రేకు పెట్టి మడుస్తారు. జీడిపప్పు, బాదం, పిస్తా నింపిన రకాలు అంగళ్లు పెరిగాక వచ్చినవి. అసలు రుచి తెలియాలంటే నెయ్యీ పంచదారా మాత్రమే వేసినది తినాలి. పప్పుల రకంలో పళ్లకు పప్పులు తగులుతాయే తప్ప రేకు కరిగే సుఖం తెలియదు.

కుండను బోర్లించి దాని వీపు మీద కాల్చడం గోదావరి ఒడ్డుకే పరిమితమైన విద్య కాదు. మహారాష్ట్ర ఖాందేశ్‌లో ‘ఖాపర్’ అనే మట్టి కుండ మీద చేతులంత వెడల్పున గోధుమ మండెలు ఈనాటికీ కాలుస్తారు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలోనే గోధుమ మండకాల ప్రస్తావన ఉంది. ఒకదాని నుంచే మరొకటి వచ్చిందని చెప్పడం తొందరపాటవుతుంది. అక్కడ ముద్దను సాగదీసి కుండ మీద వేస్తారు, ఇక్కడ పిండినీళ్లను గుడ్డతో పూస్తారు. గోధుమ సీమలో గోధుమ, వరి సీమలో వరి.

వరి సీమ అయిందంటే దాని వెనక ఆనకట్ట ఉంది. 1832-33 నాటి డొక్కల కరువు, ఆ వెంట వచ్చిన తుపానులు గోదావరి జిల్లాను కుంగదీశాయి. ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా నదికి అడ్డుకట్ట వేయించాడు ఆర్థర్ కాటన్. దానికి కాస్త దిగువనే ఆత్రేయపురం. కాలువ నీళ్లతో పొలాలు, ఆ పక్కనే కొబ్బరి, అరటి తోటలు. పూతరేకుల తయారీదారులు పెట్టుకున్న సంఘం పేరులోనూ సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడు. ఇంగ్లిష్ ఇంజినీరు పేరు మిఠాయి సంఘానికి పెట్టడం ఇంకెక్కడైనా వింతగా తోచవచ్చు, ఇంట్లో కాటన్ పటం పెట్టుకునే ఈ సీమలో కాదు.

ఒకప్పుడు పూతరేకు కొనుక్కునే వస్తువు కాదు. పెళ్లికో, కొత్తల్లుడు వచ్చే సంక్రాంతికో, ఆషాఢం సారెకో ముందుగా చెప్పి తీయించుకునేది. అరిసెలూ సున్నుండలూ ప్రతి ఇంటా చేసుకోగలరు. రేకులకు మాత్రం కుండా చెయ్యీ కుదిరిన ఇంటికి కబురు పంపాల్సిందే. వానాకాలంలో చెమ్మకు రేకు మెత్తబడి అట్ట కట్టేది కాబట్టి, పొడిగాలి ఉండే చలికాలం, ఎండాకాలమే దానికి అనువు. డబ్బాలూ ప్లాస్టిక్ సంచులూ వచ్చి ఆ కాలనియమాన్ని చెరిపేశాయి.

కొనుక్కునే వస్తువుగా మారడానికి ప్రయాణాలు కారణం. ఆత్రేయపురం మండలంలోనే వాడపల్లి వెంకన్న గుడి ఉంది. ఏడు శనివారాలు దర్శించుకుంటే కోరిక తీరుతుందని నమ్మి, కార్లలో బస్సుల్లో జనం శనివారం పూట కాలువ గట్టు రోడ్డు పట్టుకొస్తారు. అదే దారిలో లొల్ల లాకులు. ఎన్నో సినిమాల్లో కనిపించిన ఆ లాకుల దగ్గర దిగి ఫొటోలు తీసుకోని కుటుంబం ఉండదు. వెనక్కి వెళ్లేటప్పుడు ఓ పూతరేకుల డబ్బా. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి పక్క అంగళ్లదీ ఇదే బేరం. దేవుడు, కాలువ, మిఠాయి ఒక్క రోజులో అయిపోయే ఇంత చవకైన విహారం జిల్లాలో మరొకటి లేదు.

2023 జూన్‌లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది పైన చెప్పిన సంఘమే. అప్పటికే తిరుపతి లడ్డు 2009లో, బందరు లడ్డు 2017లో ఆ గుర్తింపు పొందాయి. లడ్డూలను పెద్ద బాణళ్ల ముందు మనుషులను పెట్టి ఎన్నయినా చేయించవచ్చు. రేకు మాత్రం ఇప్పటికీ ఒక కుండ, ఒక మనిషి లెక్కన ఇళ్ల వసారాల్లోనే తయారవుతోంది. ఆడవాళ్లు తీసిన రేకులను అంగళ్లవాళ్లు లెక్కన కొనుక్కుంటారు. పొగలో కళ్లు మండేది, వేళ్లు కాలేది తీసేవాళ్లకు. లాభంలో పెద్ద వాటా చుట్టి, డబ్బాలో పెట్టి, పేరు ముద్రించి అమ్మేవాళ్లకు. గుర్తింపు పత్రం ఊరి పేరును కాపాడుతుంది కానీ ఈ పంపకాన్ని సరిచేయలేదు. దాన్ని పొగిడే సభల్లో ఈ మాట కూడా వినిపిస్తే బాగుండును.

మరో చిక్కు పొలంలోంచి వచ్చింది. 1982లో మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ, ఆ తర్వాతి సన్న రకాలు జయను పక్కకు నెట్టాయి. లావు బియ్యం తినేవాళ్లు ఇక్కడ తగ్గిపోయారు. ‘ఆంధ్రా జయ’ అని పేరుపెట్టి ఇష్టంగా తినే కేరళవాళ్లకూ, పూతరేకుల కుండకూ మాత్రం అది కావాలి. ఒక కాలంలో దిగుబడి కోసం దేశమంతా పాకిన రకానికి ఇప్పుడు మిగిలిన ఆదరువుల్లో మిఠాయి ఒకటి.

ఈ మధ్య కొన్ని అంగళ్లు నెయ్యీ పంచదారా లేని ఉత్త రేకుల కట్టలు కూడా అమ్ముతున్నాయి. వాటిని అమెరికా పెట్టెల్లో బట్టల మధ్య సర్దుకెళుతున్నారు. అక్కడి వంటింట్లో తడిగుడ్డ అద్ది, నెయ్యి రాసి చుట్టుకుంటారు. మొదటి రెండు మూడు రేకులు విరుగుతాయి, ముక్కలను పంచదారలో అద్దుకుని పిల్లలు తినేస్తారు. నెయ్యి ఎంత వేయాలన్న దగ్గర మాత్రం అమ్మకూ కూతురికీ వీడియో కాల్‌లో తగవు.